బోస్టన్ ఫ్యాన్యూల్ హాల్: కింద సంత, పైన సభ ఎలా కలిశాయి?

ప్రశ్న (కృష్ణలంక వాసి):

మా అమ్మాయి అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసిన కార్యక్రమం బోస్టన్‌లోని ఫ్యాన్యూల్ హాల్లో జరిగింది. అప్పటి నుంచి ఆ భవనం చరిత్ర తెలుసుకోవాలని చూస్తున్నాను. 1742లో పూర్తయిన ఈ కట్టడంలో నేల అంతస్తును అంగళ్లకూ, పై అంతస్తును ప్రజాసభలకూ కేటాయించారని, దీన్ని అమెరికన్లు 'స్వేచ్ఛకు ఉయ్యాల' అని పిలుచుకుంటారని చదివాను. అయితే కొన్ని సంగతులు నాకు పొసగడం లేదు. పీటర్ ఫ్యాన్యూల్ అనే ధనిక వర్తకుడు సొంత ఖర్చుతో ఊరికి సంత కట్టించి ఇస్తానంటే, ఊరివారు ఏడు ఓట్ల తేడాతో మాత్రమే ఒప్పుకొన్నారట. ఉచితంగా వచ్చేదానికి అంత వ్యతిరేకత ఎందుకు వచ్చింది? కూరగాయలూ మాంసమూ అమ్మే చోటికి పైన రాజకీయ సభా మందిరం ఎందుకు పెట్టారు? తేయాకు పెట్టెలను సముద్రంలో పారబోయాలన్న నిర్ణయం ఇక్కడే జరిగిందన్న మాట నిజమేనా? బానిసల వ్యాపారంతో సంబంధం ఉన్న మనిషి పేరు ఇంకా ఈ భవనానికి ఉండడం మీద వివాదం నడుస్తున్నదని కూడా విన్నాను. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

సమాధానం (పాత దస్తరం):

మీరు అడిగిన వాటిలో సంత గొడవకు సంబంధించిన భాగానికి నేను సమాధానం ఇస్తాను. ఈ భవనం గురించి రాసేవారు చాలామంది తిన్నగా బ్రిటిష్ పాలన మీద తిరగబడిన అమెరికా విప్లవంలోకి వెళ్లిపోతారు గాని, నా దృష్టిలో అంతకు ముందు జరిగిన సంత తగాదాయే ఎక్కువ ఆసక్తికరమైనది.

ఏడు ఓట్ల మాట నిజమే. 1740 జూలై 14న జరిగిన పట్టణ సభలో ఫ్యాన్యూల్ ప్రతిపాదనకు అనుకూలంగా 367 మంది, వ్యతిరేకంగా 360 మంది ఓటు వేశారు. వచ్చిన జనం పట్టణ భవనంలో పట్టకపోవడంతో సభను బ్రాటిల్ వీధిలోని చర్చికి మార్చవలసి వచ్చింది. అప్పటి బోస్టన్ జనాభా పదహారు వేల పైచిలుకు. ఓటు హక్కు మాత్రం ఆస్తి అర్హత ఉన్న మగవారిదే. ఆ లెక్కన చూస్తే 727 మంది ఒక సంత విషయమై పని మానుకుని వచ్చారంటే అది ఊరిని ఎంతగా చీల్చిన విషయమో అర్థమవుతుంది.

ఆ రోజుల్లో చుట్టుపక్కల పల్లెల రైతులు కూరగాయలు, వెన్న, కోళ్లు, మాంసం బండ్ల మీదా గంపల్లోనూ తెచ్చి వీధి వీధీ తిరిగి అమ్మేవారు. గుమ్మంలోకి వచ్చిన సరుకును బేరమాడి కొనడం ఇల్లాళ్లకు అలవాటు; తీరిక చిక్కినప్పుడు ఊళ్లోకి వచ్చి, నచ్చిన ధర ఇచ్చినవారికి అమ్ముకుని పోవడం రైతుకు సుఖం. పెద్ద వర్తకులకు ఈ పద్ధతి నచ్చలేదు. ఒకే చోట, నిర్ణీత వేళల్లో, ఒకరి అజమాయిషీ కింద అమ్మకాలు జరిగితే తూకాలు సరిగా ఉంటాయని, సరుకును పొలిమేరలోనే కొనేసి మారుబేరానికి అమ్మే దళారుల ఆట కడుతుందని వారు వాదించారు. ఎదుటి పక్షం అనుమానం దీనికి పూర్తిగా విరుద్ధం. అమ్మేవారంతా ఒక కప్పు కిందికి చేరితే కూడబలుక్కుని ధర పెంచుతారని, ఇప్పుడు గుమ్మం ముందు దొరుకుతున్న బేరం రేపు పెద్ద వర్తకుల చేతుల్లోకి పోతుందని వారి భయం. ఏ పక్షమూ పూర్తిగా తప్పని నేను అనలేను.

1734లో పట్టణం వారు రేవు కూడలిలోనూ, ఊరి ఉత్తర దక్షిణ కొసల్లోనూ మూడు మార్కెట్లు తెరిచి చూశారు. అవి నిలదొక్కుకోలేదు. 1737లో పాదిరీల వేషాలు వేసుకున్న ఒక గుంపు రాత్రివేళ వచ్చి రేవు కూడలి మార్కెట్టును కూలగొట్టింది. ఫ్యాన్యూల్ తన ప్రతిపాదన పెట్టినప్పుడు ఈ సంగతి ఊరందరికీ గుర్తున్నదే. అందుకే ఆయన తరఫున సమర్పించిన విజ్ఞప్తిలో జాగ్రత్తగా ఒక షరతు చేర్చారు: మార్కెట్ కట్టినప్పటికీ, సరుకు తెచ్చేవారు మునుపటిలాగే ఊళ్లో తమకు ఇష్టమైన చోటికి తీసుకువెళ్లి అమ్ముకోవచ్చు. సంత కడతాం గాని సంతకే రావాలని ఎవరినీ నిర్బంధించబోమని ముందే మాట ఇచ్చారన్నమాట. ఆ షరతు లేకపోతే ఆ ఏడు ఓట్ల ఆధిక్యం కూడా దక్కేది కాదని నా అభిప్రాయం.

ఇక పై అంతస్తు సంగతి. మొదటి ప్రతిపాదన మార్కెట్ వరకే పరిమితం; సభా మందిరం ఆ తరువాత చేర్చినది. కింద స్తంభాల మధ్య తెరిచి ఉన్న అంగళ్లు, పైన ఊరి పెద్దలు కూర్చునే గది అన్న ఏర్పాటు ఇంగ్లండు పట్టణాల్లో అప్పటికే బాగా పాతది. కాబట్టి అది బోస్టన్ వారికి వింతగా తోచలేదు. నమూనా గీసినవాడు స్కాట్లండు నుంచి వచ్చి స్థిరపడిన చిత్రకారుడు జాన్ స్మైబర్ట్. ఆయన వృత్తి మనుషుల రూపచిత్రాలు వేయడం. వంద అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు గల ఇటుక భవనం, పైన వెయ్యి మంది పట్టే మందిరం ఏర్పడ్డాయి. సంతను కూలగొట్టిన ఊరికి సభాస్థలి కూడా కలిపి ఇస్తే, దానిని తమదిగా భావిస్తారన్న లౌక్యం ఇందులో ఉందని నేను అనుకుంటున్నాను. 1742 సెప్టెంబరులో పట్టణ సభ ఫ్యాన్యూల్‌కు కృతజ్ఞతలు తెలిపి మందిరానికి ఆయన పేరే పెట్టింది. మరుసటి మార్చిలో ఫ్యాన్యూల్ కన్నుమూశాడు. ఆ నెలలోనే అక్కడ జరిగిన పట్టణ సభలో ఆయన సంస్మరణ ప్రసంగం చేయవలసి వచ్చింది.

సమాధానం (సర్కారు జిల్లాల మనిషి):

పాత దస్తరం గారు సంత సంగతి చెప్పారు కనుక నేను తేయాకు విషయం చెబుతాను. 'ఇక్కడే నిర్ణయించారు' అన్న మాటలో సగమే నిజం ఉంది. 1773 నవంబరు 5న ఫ్యాన్యూల్ హాల్లో బోస్టన్ వర్తకుడు జాన్ హాన్‌కాక్ అధ్యక్షతన జరిగిన పట్టణ సభ తేయాకు దిగుమతిని ఖండించింది. నవంబరు 28న 'డార్ట్‌మత్' నౌక రేవుకు రాగానే మరునాడు అక్కడే సభ పెట్టారు గాని, జనం పట్టకపోవడం వల్ల అప్పటికప్పుడు ఓల్డ్ సౌత్ ప్రార్థనా మందిరానికి తరలించారు. డిసెంబరు 16న వేల మంది హాజరైన చివరి సభ కూడా ఓల్డ్ సౌత్‌లోనే జరిగింది. 342 పెట్టెలు నీళ్లలో పడింది ఆ రాత్రే.

నా మట్టుకు తేయాకు కన్నా ముందటి ఏడాది జరిగిన పని ముఖ్యమైనది. 1772 నవంబరు 2న ఇదే మందిరంలో శామ్యూల్ ఆడమ్స్ ప్రతిపాదన మీద 21 మందితో ఉత్తర ప్రత్యుత్తరాల సంఘాన్ని ఏర్పాటు చేశారు. వలస ప్రజల హక్కులేమిటో, వాటికి జరుగుతున్న భంగమేమిటో రాసి ఆ సంఘం అచ్చువేసిన కరపత్రం 600 ప్రతులు మసాచుసెట్స్ ఊళ్లన్నిటికీ వెళ్లాయి. ఒక ఊరి సభ ఇంకొక ఊరి సభతో మాట్లాడడం అలా మొదలైంది. ఆ అల్లిక లేకపోతే తేయాకు గొడవ ఒక రేవు పట్టణపు అల్లరిగా మిగిలిపోయేది.

ఇందులో మనకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది. ఆ తేయాకు ఈస్టిండియా కుంపిణీది. సరుకు చైనా నుంచి వచ్చినదే అయినా, దానిని అమెరికాకు తోలవలసిన అవసరం కుంపిణీకి ఎక్కువగా మన దేశంలోనే పుట్టింది. 1765లో షా ఆలం ఫర్మానాతోనూ, 1766 నవంబరులో నిజాం అలీతో చేసుకున్న ఒప్పందంతోనూ గుంటూరు తప్ప ఉత్తర సర్కార్లు కుంపిణీ చేతికి వచ్చాయి; దానికి ప్రతిగా నిజాముకు ఏటేటా సొమ్ము చెల్లించాలి. వెంటనే హైదర్ అలీతో 1767 నుంచి 1769 దాకా యుద్ధం, 1770లో బెంగాల్‌ను తుడిచిపెట్టిన కరువు. అటు లండన్‌లో వాటాదారులకు పెంచిన లాభాలు పంచాలి, ప్రభుత్వానికి ఏడాదికి 4 లక్షల పౌన్లు కట్టాలి. లండన్ గిడ్డంగుల్లో అమ్ముడుపోని తేయాకు పేరుకుపోయింది. దానిని నేరుగా అమెరికాకు పంపి అమ్ముకోవచ్చునని, అయితే అక్కడ పౌను బరువుకు 3 పెన్నీల సుంకం మాత్రం అలాగే ఉంటుందని 1773లో పార్లమెంటు చట్టం చేసింది.

ఆ కాలపు అమెరికన్లకు ఈ లంకె తెలియకపోలేదు. ఫిలడెల్ఫియాకు చెందిన జాన్ డికిన్‌సన్ 1773లో మారుపేరుతో రాసిన లేఖలో, ఆసియాలో కరువు కాలాన దోపిడీ చేసిన సంస్థ ఇప్పుడు అమెరికా మీదికి వస్తున్నదని హెచ్చరించాడు. మచిలీపట్నంలో కొలువు తీరిన కుంపిణీదే బోస్టన్ రేవుకు చేరిన తేయాకు అని మన పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలోనైనా చెబితే బాగుండును.

కృష్ణలంక వాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. సర్కార్లకూ బోస్టన్ రేవుకూ ఒకే పద్దు పుస్తకం నుంచి దారి ఉందని నాకు తెలియదు. బానిసత్వం గురించి, భవనం పేరు గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఇప్పుడు మనం చూసే గోడల్లో 1742 నాటివి ఎన్ని మిగిలాయో కూడా తెలుసుకోవాలని ఉంది.

సమాధానం (చార్లెస్ నది ఒడ్డు):

ఫ్యాన్యూల్ ఆస్తిలో పెద్ద భాగం 1738లో చనిపోయిన పినతండ్రి ఆండ్రూ నుంచి వచ్చినది. ఆండ్రూ పెళ్లి చేసుకున్న ఒక అన్నకొడుకును కాదని, బ్రహ్మచారిగా ఉన్న పీటర్‌కు రాశాడు. ఆ సొమ్మును పీటర్ పెంచింది చేపలు, కలప, రమ్ము, చక్కెరల వ్యాపారంతో. న్యూ ఇంగ్లండు చేపలు కరీబియన్ దీవుల తోటల్లో పనిచేసే బానిసలకు తిండి. ఆ తోటల బెల్లపు పాకం బోస్టన్ చుట్టుపక్కల రమ్ము. ఆ రమ్ము ఆఫ్రికా తీరంలో మనుషులను కొనే నాణెం. కాబట్టి ఏ ఓడలో ఏం వేశాడన్న లెక్కలోకి వెళ్లకుండానే ఆ సంపద బానిసత్వం మీద ఆనుకుని ఉందని చెప్పవచ్చు.

లెక్కలోకి వెళ్లినా అదే తేలుతుంది. 1738లో ఆంటిగ్వా వెళ్తున్న ఓడ కెప్టెనుకు ఆయన రాసిన ఉత్తరం ఒకటి మిగిలి ఉంది. చేపల పీపాలు పంపుతున్నానని, వాటిని అమ్మగా వచ్చిన సొమ్ముతో తన ఇంటి పనికి పన్నెండు, పదిహేనేళ్ల మధ్య వయసు గల నల్లజాతి కుర్రవాడిని, కాళ్లూ చేతులూ తిన్నగా ఉన్నవాడిని, వీలైతే మశూచి వచ్చి తగ్గినవాడిని, చెప్పినట్టు వినేవాడిని కొని తీసుకురమ్మని అందులో కోరాడు. పశువును కొనేవాడు అడిగే ప్రశ్నలే అందులోనూ ఉన్నాయి. ఆయనకు వాటా ఉన్న 'జాలీ బ్యాచిలర్' అనే ఓడ మీద 1743లో సియెర్రా లియోన్ తీరంలో దాడి జరిగి కెప్టెన్ చనిపోయాడు. ఆ ఓడ ఆగస్టులో 20 మంది బానిసలతో న్యూపోర్ట్ చేరింది. అప్పటికి ఫ్యాన్యూల్ బతికి లేడు. ఆయన మరణానంతరం రాసిన ఆస్తి జాబితాలో ఐదుగురు బానిసలు కూడా ఉన్నారు. అయితే భవనం పూర్తయ్యాకే ఈ ఓడ సొమ్ము రావలసి ఉంది కాబట్టి, ఆ ప్రయాణపు లాభంతోనే హాలు కట్టారని అనడం సరికాదు. ఈ తేడాను పాటించకుండా రాసేవారు అవతలివారికి సులువుగా దొరికిపోతారు.

అదే మందిరం తరువాత బానిసత్వ వ్యతిరేకులకు వేదిక అయింది. 1837 డిసెంబరు 8న, ఇల్లినాయ్‌లో అల్లరి మూక చేతిలో హత్యకు గురైన సంపాదకుడు ఎలైజా లవ్‌జాయ్ గురించి జరిగిన సభలో, రాష్ట్ర అటార్నీ జనరల్ ఆ మూకను విప్లవకాలపు దేశభక్తులతో పోల్చగా, యువకుడైన వెండెల్ ఫిలిప్స్ లేచి ఆయనకు జవాబు చెప్పి ఒక్కరోజులో పేరు తెచ్చుకున్నాడు. 1854 మే 26న, బానిసత్వం నుంచి పారిపోయి వచ్చి పట్టుబడిన ఆంథొనీ బర్న్స్ కోసం ఇక్కడ జరిగిన సభ నుంచే జనం న్యాయస్థానం మీదికి వెళ్లారు, విడిపించలేకపోయారు. అయితే 1835 ఆగస్టులో పట్టణ ప్రముఖులు బానిసత్వ వ్యతిరేకులను తిట్టడానికి సభ పెట్టింది కూడా ఈ హాల్లోనే. 'స్వేచ్ఛకు ఉయ్యాల' అని మురిసిపోయేవారు ఈ చివరి సభను సాధారణంగా వదిలేస్తారు.

పేరు విషయానికి వస్తే, 2023 అక్టోబరులో బోస్టన్ నగర మండలి పేరు మార్పును కోరుతూ ఒక తీర్మానం చేసింది. అది అమలు చేసి తీరవలసిన ఆజ్ఞ కాదు. పేరు అలాగే ఉంది. అదే ఏడాది హాల్లో బోస్టన్ బానిసత్వ చరిత్ర మీద ఒక ప్రదర్శన కూడా ఏర్పాటైంది. నా మట్టుకు పేరు మార్చడమే న్యాయం. ఇక్కడ సభ జరుపుకున్నవారిలో ఒకరి పేరు పెట్టవచ్చు. దాత పేరు లోపలి ఫలకం మీద ఉంటే చాలు.

పాత దస్తరం:

మీరు చూపిన ఆధారాలతో నాకు పేచీ లేదు గాని, ముగింపుతో ఏకీభవించలేను. పేరు తీసేస్తే కొన్నాళ్లకు ఆ ఉత్తరమూ కుర్రవాడూ కూడా చర్చలో నుంచి జారిపోతాయి. ఈ పేరు ఉన్నందువల్లనే కదా ఇప్పుడు మనం ఆ ఉత్తరం గురించి మాట్లాడుకుంటున్నాం.

చార్లెస్ నది ఒడ్డు:

రెండు వందల ఎనభై ఏళ్లుగా పేరు ఉంది గాని, ఆ ఉత్తరం గురించి సందర్శకులకు చెప్పడం మొదలై ఎంతో కాలం కాలేదు. పేరు ఉన్నంత మాత్రాన జ్ఞాపకం నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు.

సమాధానం (ఇటుకా సున్నం):

పేరు సంగతి మీరిద్దరూ తేల్చుకోండి; నేను గోడల సంగతి చెబుతాను. 1742 నాటి భవనం ఈనాటి దానిలో సగం కన్నా చిన్నది. 1761 జనవరిలో అగ్ని ప్రమాదంలో ఇటుక గోడలు తప్ప అంతా కాలిపోయింది. మళ్లీ కట్టడానికి పట్టణం లాటరీ పెట్టింది. ఆ టికెట్ల మీద హాన్‌కాక్ సంతకం ఉండేది. 1763 మార్చిలో తిరిగి తెరిచినప్పుడు జేమ్స్ ఓటిస్ దానిని స్వేచ్ఛకు అంకితం చేస్తూ మాట్లాడాడు. ఐదేళ్ల తరువాత, 1768 అక్టోబరులో, ఆ స్వేచ్ఛను అణచడానికి దిగిన బ్రిటిష్ సైనికులకు అదే హాలు విడిది అయింది. 1775-76లో అమెరికన్లు బోస్టన్‌ను ముట్టడించిన కాలంలో బ్రిటిష్ సైనికాధికారులు దానిని నాటకశాలగా మార్చుకున్నారు. 1776 జనవరిలో అమెరికన్లను వెక్కిరించే ప్రహసనం ఆడుతుండగా ఒక సార్జెంటు వేదిక మీదికి పరుగెత్తుకు వచ్చి శత్రువులు చార్ల్స్‌టౌన్ మీద పడ్డారని అరిచాడు. అది కూడా నాటకంలో భాగమే అనుకుని ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు.

1805-06లో వాస్తుశిల్పి చార్లెస్ బుల్‌ఫించ్ వెడల్పును నలభై నుంచి ఎనభై అడుగులకు పెంచి, మూడో అంతస్తు వేశాడు. కింద తెరిచి ఉన్న కమానులను మూసివేశాడు. పైన గంట గోపురాన్ని మధ్య నుంచి తూర్పు కొసకు జరిపాడు. దక్షిణం వైపు నిలబడి కింది రెండు అంతస్తుల ఇటుకలను చూస్తే పాత గోడ ఇంకా అక్కడే ఉందని తెలుస్తుంది. 1898-99లో కలపను చాలావరకు తీసేసి, నిప్పంటుకోకుండా ఇనుమూ ఉక్కూ రాయీ పెట్టారు. కాబట్టి మీ అమ్మాయి ప్రమాణం చేసిన మందిరం రూపం బుల్‌ఫించ్‌ది, ఎముకలు పంతొమ్మిదో శతాబ్దం చివరివి.

గోపురం మీది రాగి మిడత మాత్రం 1742 నాటిదే. షెమ్ డ్రౌన్ అనే రాగిపనివాడు చేసి బంగారు పూత పూశాడు. కళ్లకు గాజు పెట్టాడు. 1755 భూకంపంలో కింద పడింది, 1761 మంటల్లో చిక్కింది, 1974లో దొంగతనానికి గురై దొరికింది.

సంత చివరికి భవనాన్ని దాటి పెరిగిపోయింది. 1822లో బోస్టన్ నగరంగా మారి పట్టణ సభలు ఆగిపోయాయి. అప్పటి శాసనంలోనే ఫ్యాన్యూల్ హాలును అమ్మడానికి గాని కౌలుకివ్వడానికి గాని నగరానికి అధికారం లేదని రాశారు. మేయర్ జోసయ్య క్విన్సీ తూర్పు వైపు రేవును పూడ్పించి, అలెగ్జాండర్ ప్యారిస్ నమూనాతో 535 అడుగుల పొడవు గల రాతి మార్కెట్టును 1826లో తెరిచాడు. మన వాళ్లు బోస్టన్ వెళ్లినప్పుడు భోజనానికి ఆగే క్విన్సీ మార్కెట్ అదే. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు టోకు వర్తకులు వెళ్లిపోయి అది పాడుబడితే, వాస్తుశిల్పి బెంజమిన్ థామ్సన్, నిర్మాణ వ్యాపారి జేమ్స్ రౌజ్ బాగు చేయించి 1976 ఆగస్టులో మళ్లీ తెరిచారు.

ఈసారి వెళ్లినప్పుడు హాలుకు పడమటి వైపు, శామ్యూల్ ఆడమ్స్ విగ్రహం దగ్గర నేలను చూడండి. నాచు, గవ్వలు, చేపల రూపాలు చెక్కిన గీత ఒకటి కాలిబాట మీదుగా పోతుంది. అది 1630 నాటి సముద్ర తీరం. హాలూ, క్విన్సీ మార్కెట్టూ దానికి నీటి వైపునే, పూడ్చిన నేల మీద ఉన్నాయి. హాలు పై అంతస్తుకు వెళ్లడానికి రుసుము లేదు. పౌరసత్వ ప్రమాణాలూ నగర కార్యక్రమాలూ ఉన్న రోజుల్లో మాత్రం సందర్శకులను ఆపుతారు, కనుక ముందు రోజే నేషనల్ పార్క్ సర్వీసు వెబ్‌సైట్‌లో చూసుకుని బయలుదేరడం మంచిది.